మిల్నీ లిస్టు

రాత్రి పదిన్నర. పిల్లాడు ఇప్పుడే పడుకున్నాడు. జలంధర్‌లో చలి మొదలైంది, రజాయిలోంచి చెయ్యి బయటపెట్టాలంటేనే బద్ధకం. కానీ ఇవాళ్టిది రాయకపోతే మర్చిపోతాను.

ఆడపడుచు పెళ్ళి ఇంకా పన్నెండు రోజులే ఉంది. మధ్యాహ్నమంతా మమ్మీజీ, అంటే మా అత్తగారు, నేనూ మంచమ్మీద కూర్చుని మిల్నీ లిస్టు రాశాం. మిల్నీ అంటే, బరాత్ (మగపెళ్ళివారి ఊరేగింపు) వచ్చి ఆగగానే రెండు వైపుల వాళ్ళూ దండలేసుకుని కౌగిలించుకోవడం. మన ఎదురుకోళ్ళ లాంటిదే, కాకపోతే ఇక్కడ వరసకి వరస సరిపోవాలి. వాళ్ళ తాయాకి, అంటే పెదనాన్నకి, మన తాయా, వాళ్ళ మామాకి మన మామా. ఆడపిల్లవాళ్ళం కాబట్టి ఒక్కొక్కరికీ కంబళి కూడా మనమే పెట్టాలి.

ఫుఫ్ఫడ్‌గారిని, అంటే మామగారి చెల్లెలి భర్తని, నేను నాలుగో పేరుగా రాశాను. మమ్మీజీ అది కొట్టేయించి పైకి ఎక్కించారు. పెళ్ళిలో ఎవరు అలిగినా అలగకపోయినా ఫుఫ్ఫడ్ అలగడం ఖాయమని ఇక్కడ జోకు. మనవైపు కొత్తల్లుడికి అలకపాన్పు ఒక్కపూటే. ఇక్కడ పాతల్లుడు తల నెరిసినా దిగడన్నమాట!

మధ్యలో అమ్మ ఫోను. ఎవరెవరొస్తున్నారని అడిగింది. మాసడ్ వస్తున్నాడన్నాను, మాసీ మొగుడు. "అంటే బాబాయేగా, ఆ ముక్క చెప్పొచ్చుగా" అంది. మనకి బాబాయే. వీళ్ళకి నాన్న తమ్ముడు చాచా, పిన్ని భర్త మాసడ్. రెండూ కలపరు. చాచా ఇంటివాడు, పొలంలో వాటా ఉన్నవాడు. వాళ్ళ పిల్లలూ వీళ్ళ పిల్లలూ బాగున్నన్నాళ్ళు అన్నదమ్ములు, గట్టు దగ్గర తగువొస్తే శరీకులు. మన దాయాదులే. మాసడ్‌తో ఆ గొడవ లేదు. వస్తాడు, తింటాడు, పిల్లల చేతిలో డబ్బులు పెట్టి వెళ్తాడు. నాకైతే వీళ్ళ పద్ధతే నచ్చింది. మన బాబాయి ఎటువైపు బాబాయో తెలియాలంటే ఇంకో ప్రశ్న వెయ్యాలి.

బావ దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు ఒప్పదు. భూఆ (మేనత్త) కొడుకైనా మామా కొడుకైనా వీళ్ళకి అన్నే, తమ్ముడే. పెళ్ళయిన మొదటి ఏడు, రాఖీ పున్నమి నాడు మా మేనత్త కొడుకు ఏదో పనిమీద ఇటొచ్చి ఇంటికొచ్చాడు. టీ తాగుతుంటే మమ్మీజీ పళ్ళెంలో రాఖీ, కుంకం, బర్ఫీ పెట్టుకుని తయారు. "భూఆ కొడుకంటే వీర్ కదా పుత్, కట్టు" అన్నారు. చిన్నప్పుడు నన్ను అతనికే ఇస్తామని ఊరంతా ఏడిపించేవాళ్ళని ఏ పంజాబీలో చెప్పను? కట్టేశాను. బావ బుద్ధిగా చెయ్యి చాపి, ఐదొందలు పళ్ళెంలో పెట్టి, గుమ్మం దాటాక పడీపడీ నవ్వాడు. అమ్మ ఇప్పటికీ ఆ సంగతి తీస్తుంది.

సాయంత్రం లిస్టు అయిపోయిందనుకుంటే ఒకటి తక్కువైంది. పెళ్ళికొడుక్కి ఇద్దరు అన్నలు. మనవైపు మా ఆయన ఒక్కరే. చాచా కొడుకుకి కెనడాలో సెలవు దొరకలేదు. మమ్మీజీ కాసేపు ఆలోచించి, "మీ తమ్ముడున్నాడుగా, రెండో వీర్‌గా వాణ్ణి రాయి" అన్నారు.

వదిన తమ్ముడు మా లెక్కలో పెళ్ళికూతురికి అన్న కాదు, బావ వరస. పోయినేడు అమ్మ ఆ పిల్ల పేరు చెప్పి తమ్ముణ్ణి ఎంత ఆటపట్టించిందో. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రాశాను.

ఇందాకే వాడికి మెసేజ్ పెట్టాను, మిల్నీలో నిలబడాలి, గులాబీ రంగు పగ్ (తలపాగా) కట్టించుకోవాలని. ఎవరికి ఏమవుతాడో మాత్రం రాయలేదు. వాడు పగ్‌తో తీసిన ఎవరిదో ఫొటో పంపి, "ఇలాగేనా?" అని అడిగాడు.