సగటు లెక్కలో కనిపించని రోగులు

ఆరోగ్య సేవల్లో మార్పు తలపెట్టినప్పుడు ప్రణాళికలో ముందుగా కనిపించేది సగటు లెక్క. రెండు చిన్న కేంద్రాలను మూసి ఒక పెద్ద కేంద్రం తెరిస్తే, రోగుల ప్రయాణం సగటున 20 నిమిషాలు పెరుగుతుందని రాస్తారు. నిపుణులూ యంత్రాలూ ఒకేచోట ఉండడం వల్ల కలిగే మేలు ముందు అది చిన్న విషయంగానే తోస్తుంది. ఆ మేలు నిజమే కాని, ఆ 20 నిమిషాల భారం అందరిమీదా ఒకేలా పడదు.

డయాలిసిస్ మీద ఆధారపడినవారి సంగతే తీసుకుందాం. సాధారణంగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి సుమారు 4 గంటలు వారు యంత్రం దగ్గర గడపాలి. రానూ పోనూ 40 నిమిషాలు అదనమైతే ఏడాదికి 100 గంటలకు పైగా దారిలోనే పోతాయి. సొంత వాహనం లేనివారు, చికిత్స ముగిశాక రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతున్న స్థితిలోనే బస్సు మారవలసి వస్తుంది. తోడు వచ్చినవారికి ఆ పూట సంపాదన ఉండదు. ఓపిక నశించి ఒక విడత మానేస్తే ఒంట్లో నీరూ పొటాషియమూ పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

మంచి వైద్యం అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడే అది తక్కువగా దొరుకుతుందని బ్రిటిష్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. ఎవరికి ఏ నష్టమో ముందే అంచనా వేయకుండా చేసే మార్పు ఈ అంతరాన్ని మరింత పెంచుతుంది.

బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ నిర్ణయాల్లో వివక్ష నివారణను, సమాన అవకాశాలను తగినంతగా పరిగణించాలి. ఈ పరిశీలన నిర్ణయానికి ముందే జరగాలని, తీసుకున్న నిర్ణయాన్ని సమర్థించుకోవడానికి తర్వాత జోడించేదిగా ఉండకూడదని అక్కడి న్యాయస్థానం 2008లోనే, అంతకుముందున్న వైకల్య చట్టం కింద వచ్చిన బ్రౌన్ కేసులో స్పష్టం చేసింది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే భవనం ఖరారై ఒప్పందాలు కుదిరాక తయారయ్యే నివేదిక ఎవరి కష్టాన్నీ తగ్గించలేదు.

2010 నాటి సమానత్వ చట్టం వయసు, వైకల్యం, జాతి, లింగం వంటి 9 లక్షణాలకు రక్షణ కల్పిస్తుంది, కాని వాటిలో పేదరికం లేదు. అందుకే పైన చెప్పిన సమానత్వ పరిశీలనతో పాటు ఆదాయం, నివాసం, రవాణా వంటివాటిని కూడా చూసే ఆరోగ్య ప్రభావ అంచనా అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్లకైనా ఇదే వర్తిస్తుంది: వినికిడి లేనివారికి అవి ఫోన్‌కన్నా మేలు కావచ్చు, స్మార్ట్‌ఫోన్ లేనివారికి మాత్రం తలుపు మూసినట్టే.

మార్పు అమలయ్యాక చికిత్సకు రానివారి సంఖ్యను వయసు, వైకల్యం, ప్రాంతం వారీగా విడివిడిగా లెక్కించాలి. ఏ వర్గంలోనైనా అది పెరిగితే వాహన సౌకర్యం కల్పించడానికో, మూసిన కేంద్రాన్ని వారంలో కొన్ని రోజులైనా తెరవడానికో కావలసిన నిధులను మొదటి బడ్జెట్‌లోనే కేటాయించి ఉంచాలి.