పదకొండు మంది వచ్చిన పెళ్లి: కెనడా స్పౌజ్ స్పాన్సర్‌షిప్‌లో నా అనుభవం

మా పెళ్లికి వచ్చింది పదకొండు మంది. గుడిలో పెళ్లి, మర్నాడు రిజిస్ట్రేషన్, తొమ్మిదో రోజుకల్లా నేను తిరిగి కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉన్నాను. నాకది రెండో పెళ్లి. మా ఆయన నాకన్నా ఆరేళ్లు చిన్న. పైగా 2019లో ఆయన కెనడాకి స్టడీ పర్మిట్ కోసం అప్లై చేస్తే రాలేదు. ఇవన్నీ మేం ఒకరికొకరం ఎప్పుడో చెప్పుకున్న విషయాలే. కానీ మేమెవరమో తెలియని అధికారి మా ఫైలు తెరిస్తే, అన్నిటికన్నా ముందు కంట్లో పడేవి ఇవే. అప్లికేషన్ పెట్టే ముందు నాకది తట్టలేదు.

2021లో ఇద్దరికీ తెలిసిన ఒక స్నేహితురాలి ద్వారా ఫోన్లో మాట్లాడుకోవడం మొదలైంది. 2022 ఆగస్టులో నేను ఇండియా వెళ్లినప్పుడు మొదటిసారి ఎదురెదురుగా కలిశాం. 2023 ఫిబ్రవరిలో పెళ్లి. జూన్‌లో స్పాన్సర్‌షిప్ పెట్టాను, అంటే ఆయన్ని కెనడాకి పిలిపించుకునే అప్లికేషన్. అప్పుడు కట్టిన ఫీజు 1,080 డాలర్లు, బయోమెట్రిక్స్‌కి (వేలిముద్రలు, ఫొటో) మరో 85. ఆ తర్వాత ఫీజులు పెరిగాయి.

స్పాన్సర్‌గా నా అర్హత గురించి పెద్దగా ఇబ్బంది పడలేదు. భార్యనో భర్తనో పిలిపించుకోవడానికి మామూలుగా ఇంత ఆదాయం ఉండాలన్న లెక్క లేదు. స్పౌజ్‌గా స్పాన్సర్ అయి వచ్చినవాళ్లు మాత్రం, తమకు పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చి ఐదేళ్లు నిండేదాకా మరొకరిని స్పౌజ్‌గా స్పాన్సర్ చెయ్యకూడదు. నేను నా ఉద్యోగానుభవం మీద వచ్చినదాన్ని కాబట్టి ఆ అడ్డు లేదు. ఆయనకు పీఆర్ వచ్చిన రోజు నుంచి మూడేళ్లపాటు ఆయన కనీస అవసరాల బాధ్యత నాది, మధ్యలో విడిపోయినా అది పోదు. ఒకసారి విడాకుల దాకా వెళ్లి వచ్చినదాన్ని. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి సంతకం పెట్టాను.

అసలు పని ఉన్నది బంధాన్ని చూపించే కాగితాల్లో. 5532 నంబరు ఫారంలో ఎప్పుడు కలిశారు, ఎవరు కలిపారు, పెళ్లికి ఎవరెవరు వచ్చారు, ఇంట్లోవాళ్లకు ఎప్పుడు చెప్పారు అని అడుగుతారు. మా చెక్‌లిస్ట్ ప్రకారం ఫొటోలు ఇరవై దాటకూడదు, మెసేజ్‌లు, కాల్ రికార్డుల్లాంటివి పది పేజీలు దాటకూడదు. రెండేళ్లు రోజూ మాట్లాడుకున్న మాటల్లోంచి పది పేజీలు! నేను వెతికి వెతికి తియ్యటి మెసేజ్‌లన్నీ ఏరాను. పుట్టినరోజు శుభాకాంక్షలు, "నువ్వు లేకపోతే తోచడం లేదు", అలాంటివి. ఫొటోల్లో దండలతో ఉన్నవే పన్నెండు.

2019 సంగతి ఏం చెయ్యాలని ఒక కన్సల్టెంట్‌ని అడిగాను. "ఫారంలో గతంలో తిరస్కరించారా అన్న ప్రశ్నకి అవునని టిక్ పెట్టి వదిలెయ్యండి మేడమ్, మనంతట మనం ఎత్తకూడదు" అన్నారు. టిక్ పెట్టాం. అబద్ధం రాస్తే ఐదేళ్లపాటు మళ్లీ రానివ్వరని తెలుసు కాబట్టి దాచాలన్న ఆలోచన మాకు ఎప్పుడూ లేదు. కానీ వివరణ ఒక్క ముక్క రాయలేదు. నేను చేసిన పెద్ద తప్పు అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

స్పాన్సర్‌గా నాకు ఆమోదం వచ్చింది, ఆయన బయోమెట్రిక్స్, మెడికల్స్ అయ్యాయి. ఆ తర్వాత ఏ కబురూ లేదు. ఎనిమిది నెలలయ్యాక, ఆయన సమ్మతి పత్రం జతచేసి, ఐదు డాలర్లు కట్టి, ఫైలు మీద అధికారులు రాసుకున్న నోట్స్ ఇమ్మని అడిగాను. అందరూ జీసీఎంఎస్ నోట్స్ అంటారు. కెనడాలో ఉన్న ఎవరైనా సమాచార హక్కు కింద అడగొచ్చు.

అవి చదువుతుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వయసు తేడా, స్పాన్సర్ విడాకులు, తక్కువ మందితో పెళ్లి, వెంటనే తిరుగు ప్రయాణం, గతంలో తిరస్కరించిన స్టడీ పర్మిట్. ఇంటర్వ్యూకి సిఫార్సు. అందులో ఒక్కటి కూడా అబద్ధం కాదు. మేం చెప్పకుండా వదిలేసినవన్నీ మరొకరు వరసగా రాసిపెట్టారు, అంతే.

అప్పుడు కూర్చుని రూల్ చదివాను. కెనడా ఇమిగ్రేషన్ రెగ్యులేషన్లలో నాలుగో సెక్షన్. పెళ్లి నిజమైనది కాకపోయినా తిరస్కరిస్తారు, ముఖ్యంగా ఇమిగ్రేషన్ కోసమే చేసుకున్నదైనా తిరస్కరిస్తారు. 2010 దాకా ఈ రెండూ కలిస్తేనే తిరస్కరణ, ఆ ఏడాది సెప్టెంబరు నుంచి ఏ ఒక్కటైనా చాలు. మొదటిది మీరు ఇప్పుడు ఎలా ఉన్నారని అడుగుతుంది. రెండోది పెళ్లి చేసుకున్న రోజున మీ మనసులో ఏముందని అడుగుతుంది. నేను పంపిన తియ్యటి మెసేజ్‌లు రెండో ప్రశ్న దగ్గరికి కూడా పోవు.

మళ్లీ మొదటి నుంచి కూర్చున్నాం, ఆయన అక్కడ, నేను ఇక్కడ. మూడు పేజీల ఉత్తరం రాశాను. నా మొదటి పెళ్లి ఆరు వందల మంది మధ్య జరిగింది, రెండోసారి ఆ హడావిడి నేనే వద్దన్నాను అని రాశాను. ఆయన పెదనాన్నవాళ్లు వయసు తేడా నచ్చక రాలేదని కూడా రాశాను. ఆ వాక్యం ఉండాలా వద్దా అని రెండు రాత్రులు వాదించుకున్నాం. "మా ఇంటి పరువు కాగితం మీద పెట్టాలా?" అన్నాడాయన. చివరికి మా అత్తయ్యే తేల్చింది. "జరిగిందే కదమ్మా, రాయి. కావాలంటే నేనూ సంతకం పెడతాను" అంది. పెళ్లి ఎందుకు చిన్నగా చేశామో, ఎవరెందుకు రాలేదో నోటరీ ముందు అఫిడవిట్ ఇచ్చింది. ఆవిడ ఆ రోజు చేసినది నేను మర్చిపోను.

2019 తిరస్కరణ లేఖ పెట్టాం. ఆ తర్వాత ఆయన మళ్లీ ఏ దేశానికీ అప్లై చెయ్యలేదనీ, ఉద్యోగంలో రెండు ప్రమోషన్లు వచ్చాయనీ చూపించాం. నేను పరిచయమయ్యేనాటికి అది రెండేళ్ల పాత సంగతి.

ఇంకొకటి ఉంది. 2022 అక్టోబరులో మేం బాగా గొడవపడ్డాం. నువ్వే ఇండియా వచ్చెయ్యి, ఇక్కడే ఉందాం అని ఆయన. నా నర్సింగ్ లైసెన్సు, ఇన్నేళ్ల కష్టం వదిలి ఎలా వస్తానని నేను. పదకొండు రోజులు సాగింది. మొదటిసారి ఏరినప్పుడు ఆ మెసేజ్‌లను సిగ్గేసి పక్కన పెట్టాను, గొడవపడే జంట అనుకుంటారేమోనని. ఇప్పుడు వాటినే అనువాదం చేయించి, అనువాదకుడి అఫిడవిట్‌తో ముందు పెట్టాను. కెనడా కోసం పెళ్లి చేసుకునేవాడు అక్కడికి రాను, నువ్వే ఇక్కడికి రా అని పదకొండు రోజులు పోట్లాడడు కదా.

కాల్ రికార్డులకు కూడా ఒక చిన్న వివరణ రాశాను. ఆయన ఆఫీసుకు బయలుదేరే ముందు పొద్దున ఎనిమిదిన్నరకు మాట్లాడుకునేవాళ్లం. ఇక్కడ అది చలికాలంలో రాత్రి ఎనిమిది, వేసవిలో తొమ్మిది. ఎడ్మంటన్‌లో గడియారం మార్చిన మార్చిలోనూ నవంబరులోనూ నా ఫోన్ బిల్లులో కాల్ టైము సరిగ్గా గంట జరిగేది. రెండేళ్లూ అంతే. ప్రేమ మాటల కన్నా ఇది నాకు గట్టిగా అనిపించింది. ఆయన జీవిత బీమాలో నామినీగా నా పేరు, అత్తయ్య కంటి ఆపరేషన్‌కి నేను పంపిన డబ్బు రసీదు కూడా చేర్చాం. అన్నీ ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌ఫామ్ (ఆన్‌లైన్ ఫారం) ద్వారా పంపాను.

2024 మేలో న్యూఢిల్లీలోని కెనడా హైకమిషన్‌లో ఇంటర్వ్యూ. ఆయన ఒక్కడే వెళ్లాడు. ఇక్కడ అర్ధరాత్రి, నాకు నిద్ర లేదు. తిరస్కరిస్తే ముప్పై రోజుల్లో స్పాన్సర్‌గా నేను అప్పీలు చేసుకోవచ్చని తెలుసు, అయినా ఆ టెన్షన్ తగ్గదు. నా షిఫ్టులు, నా తోబుట్టువులు, నా మొదటి పెళ్లి ఎందుకు విఫలమైందో అడిగారట. నా విడాకుల తేదీ అడిగితే, "ఏడాది తెలుసు, తేదీ గుర్తులేదు" అన్నాడట. ఊహించి ఏదో ఒకటి చెప్పనందుకు నాకు చాలా ధైర్యం వచ్చింది. రాకపోతే ఏం చేస్తారని చివరి ప్రశ్న. "అప్పీలు చేస్తుంది. అదీ పోతే తనే వచ్చేస్తానంది, ఈసారి నేను అడగలేదు" అన్నాడట.

అది నిజమే. మార్చిలోనే అనుకున్నాం.

ఐదు వారాలకు పాస్‌పోర్ట్ పంపమని ఈమెయిల్ వచ్చింది, అంటే ఒప్పుకున్నట్టే. ఆగస్టులో ఆయన ఎడ్మంటన్‌లో దిగాడు. నెల తర్వాత ఇంకో ఐదు డాలర్లు కట్టి మళ్లీ నోట్స్ తెప్పించుకున్నాను. ఏం చూసి నమ్మారో తెలుసుకోవాలనిపించింది. తల్లి అఫిడవిట్ ప్రస్తావన ఉంది, కాల్ టైముల ప్రస్తావన ఉంది. ఎక్కువ రాసింది మాత్రం ఆ పదకొండు రోజుల గొడవ గురించే. దండల ఫొటోల ఊసు ఎక్కడా లేదు.