పన్ను పీకించుకున్నాక మళ్లీ వేణువు

కింది వరసలో ఎడమవైపు జ్ఞానదంతం అడ్డంగా మొలిచి పక్క పన్నును నెడుతోందని ఎక్స్‌రేలో తేలింది. హనుమకొండలోనే పీకించుకున్నాను. ఎముక కొంచెం అరగదీసి కుట్లు వేశారు. వేణువు ఎప్పుడు ఊదొచ్చని అడిగితే డాక్టర్ గారు, "కుట్లు తీసేదాకా ముట్టకండి. ఆ తర్వాత ఎంతసేపో మీ దవడే చెప్తది" అన్నారు.

కారణం ఉంది. పన్ను ఊడిన గుంతలో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ చాటునే కొత్త కండ పెరుగుతుంది. గట్టిగా పుక్కిలించినా, స్ట్రాతో పీల్చినా, సిగరెట్ తాగినా, ఒత్తిడి పెట్టి ఊదినా అది లేచిపోవచ్చు. అప్పుడు ఎముక బయటపడి నొప్పి చెవిదాకా లాగుతుంది. డ్రై సాకెట్ అంటారు. మామూలు నొప్పి రోజురోజుకీ తగ్గుతుంది. ఇది తగ్గినట్టే ఉండి, రెండో మూడో రోజుకు తిరగబెడుతుంది, నోరు కూడా వాసన వస్తుంది. అలాంటప్పుడు ఫోన్‌లో వెతుక్కుంటూ కూర్చోకుండా వెళ్లి చూపించుకోవాలి.

మొదటి రోజు బుగ్గమీద బట్టలో చుట్టిన ఐస్, డాక్టర్ రాసిన మాత్రలు, అంతే. 24 గంటలు దాటాక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా దొడ్డుప్పు. పుక్కిలించడం లేదు. నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, ఉమ్మకుండా నీళ్లు వాటంతట అవే జారిపోయేలా వదిలేయడమే. తిండికి చల్లారిన జొన్న గటకలో మజ్జిగ, మెత్తని పప్పన్నం. ఇంట్లో ఆ వారమే సర్వపిండి చేశారు. గాయం కన్నా ఆ వాసన తట్టుకోవడమే కష్టమైంది!

అసలు కథ దవడది. గుంత సర్దుకుంటున్నా నోరు తెరుచుకోలేదు. చాలాసేపు నోరు తెరిచి ఉంచడం, వెనకాల నమిలే కండరాల దగ్గర మత్తు సూది పడటం వల్ల అవి బిగుసుకుంటాయట. దీన్ని వేళ్లతో కొలుచుకోవచ్చు: పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య మూడు వేళ్లు ఒకదానిమీద ఒకటి పడితే మామూలే. నాకు ఒక వేలే పట్టింది. వాపు దిగాక వేడి బట్ట కాపడం పెట్టి, నాలుక కొన అంగిలికి ఆనించి మెల్లగా తెరవడం, కాసేపు ఆపడం, మూయడం. నొప్పి పుట్టేదాకా కాదు, లాగుతున్నట్టు తెలిసేదాకా.

ఊదకుండా సాధన మాత్రం ఆపలేదు. వేణువు ఒళ్లో పెట్టుకుని, తాళం మనసులో వేసుకుంటూ, సరళీ వరుసలకు (సంగీతంలో మొదట నేర్పే స్వర పాఠాలు) వేళ్లు మాత్రమే ఆడించాను. మా క్లాసులో ఒకాయన చూసి, "రామప్ప గుడిల కృష్ణుని లెక్క కొడితేనే పలుకుతదా అన్నా?" అని ఒకటే నవ్వు. (అక్కడి వేణుగోపాలుడి శిల్పాన్ని వేళ్లతో తడితే స్వరాలు పలుకుతాయని గైడ్లు చూపిస్తారు.) కానీ దీనివల్ల లాభమే కలిగింది. నాదం లేనప్పుడు వేళ్లు వెదురుమీద పడే టపటప వినిపిస్తుంది. కుడిచేతి ఉంగరం వేలు ప్రతిసారీ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోంది. ఊదేటప్పుడు ఇది ఎన్నడూ తెలియలేదు.

కుట్లు తీసి, సరేనన్నాక ముందు అరచేతిమీద ఊది గాలి తీరు చూసుకున్నాను. తర్వాత మొదటి రెండు రంధ్రాలు మూసి మధ్యస్థాయి షడ్జమం, అంటే ‘స’. గాలి సన్నగా, పొట్టిగా. పలికింది, కాకపోతే ఈల కలిసిన గాలి ఎక్కువ. మంద్రానికి, అంటే కింది స్థాయికి, దవడ వదులుగా ఉంటే చాలు కనుక అటువైపు దిగడం తేలికైంది. పైనుండే తారస్థాయికి పెదాలు బిగించి గాలి వేగం పెంచాలి, కింది దవడ కొంచెం ముందుకు రావాలి. అక్కడే చెవి ముందు పట్టేసింది.

అద్దం ముందు కూర్చుంటే ఇంకో సంగతి బయటపడింది. ఎడమ చూపుడు వేలి మొదలు వేణువును గడ్డానికేసి ఒత్తుతోంది, ఆ ఒత్తిడికి దవడ వెనక్కి పోతోంది. బరువును కుడి బొటనవేలి మీదకు మార్చగానే నొప్పి సగమైంది. పన్ను పీకించుకోనివాళ్లు కూడా ఇది ఓసారి చూసుకుంటే మంచిది.

ఇప్పుడు మూడు వేళ్లూ పడుతున్నాయి. నొప్పి మొదలయ్యాక కాదు, అలసట తెలియగానే ఆపుతున్నాను. వర్ణం అనే కృతిలో పూర్వాంగం (చరణానికి ముందు సగం) వరకే వాయిస్తున్నాను. తారస్థాయి పంచమం (‘ప’) కుదుటపడేదాకా చరణం ఎత్తుకోను.