నలభై రెండో కీర్తన దగ్గర ఆగిపోయాను

అమ్మ పోయిన మూడు నెలలకు ఇంటి వాటా దగ్గర తమ్ముడికీ నాకూ మాటా మాటా పెరిగింది. అప్పట్నుంచి నిద్ర పట్టేది కాదు. ఒక రాత్రి అమ్మ బైబిలు తీశాను. విశాఖలో సముద్రం పక్కనే ఉంటాం కదా, చెమ్మకి పేజీలు అతుక్కుపోయాయి. గోటితో విడదీస్తే 42వ కీర్తన వచ్చింది.

పదకొండు వచనాలు గబగబా చదివేశాను. ఏమీ కాలేదు. మా చర్చి అయ్యగారికి చెబితే, "రోజుకిన్ని అధ్యాయాలని లెక్క పెట్టుకోకండి. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ ఆగండి" అన్నారు.

"నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" ఇది దేవుణ్ణి అడిగిన మాట కాదు, కీర్తనకారుడు తనను తానే అడుగుతున్నాడు. 5వ వచనంలో ఒకసారి, 11లో ఒకసారి, 43వ కీర్తన చివర మళ్ళీ. (43కి పైన శీర్షిక లేదు. రెండూ ఒకే పాట అని చాలామంది పండితుల మాట.) మూడుసార్లు అడిగినా ఎందుకో చెప్పడు. దేవుని మీద నిరీక్షణ ఉంచమని తన ప్రాణానికే చెప్పుకుంటాడు.

నేనూ నన్ను అదే అడిగాను. అమ్మ లేదనే దుఃఖం అని తోచింది. అదే మార్జిన్‌లో పెన్సిల్‌తో రాశాను. నాలుగో రాత్రి 4వ వచనం దగ్గర ఆగాను. జనంతో కలిసి మందిరానికి వెళ్ళిన రోజులు తలుచుకుంటాడక్కడ. నాకు అమ్మ గుర్తు రాలేదు. క్రిస్మస్ కేరల్స్‌కి వెళ్తూ డప్పు కోసం నాతో కొట్లాడిన తమ్ముడు గుర్తొచ్చాడు. వెంటనే దవడలు బిగుసుకున్నాయి. దుఃఖం అనుకున్నది కోపం! వాటా అడిగినందుకు కాదు. అమ్మకి ఆఖర్న నేను చేసిన సేవ గురించి వాడు ఒక్క మాటా అననందుకు. ఇది ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది.

తెల్లారి పెదజాలారిపేట ఒడ్డుకి వెళ్ళాను. 7వ వచనంలో "కరడు కరడును పిలుచుచున్నది" అని ఉంది. కరడంటే కెరటం. హీబ్రూలో ఆ మాట 'తెహోమ్', అగాధం. అగాధం అగాధాన్ని పిలవడం నాకు ఊహకి అందలేదు గానీ, కెరటం వెనకే కెరటం రావడం ఈ ఊళ్ళో ఎవరికైనా తెలుసు. కోపమూ అంతే. పోయిందనుకునే లోపే ఇంకోటి వచ్చేది. వస్తే, "వచ్చావా" అనుకుని కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు కాస్త నిద్ర పడుతోంది. మార్జిన్‌లో 'దుఃఖం' కొట్టేసి 'కోపం' అని రాశాను. వాడికి ఇంకా ఫోన్ చేయలేదు.