కరెంటు పోయిన రాత్రి

మా పడగ్గదిలో ఫ్యాను పాతది. దాని గడగడలో ఇంకే చప్పుడూ తెలీదు. పెళ్ళైన పదకొండేళ్ళకి, బావ గురకని నేను మొదటిసారి సరిగ్గా విన్నది ఆ ఫ్యాను ఆగిన రాత్రే.

2022 నవంబరు. బయట ముసురు. విశాఖలో మా గోపాలపట్నంలో రాత్రి రెండు దాటాక కరెంటు పోయింది. ఉక్కకి మెలకువొచ్చింది. గురక పెరిగి పెరిగి టక్కున ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. దాచడం ఎందుకు, మొదట అనుకున్నది అదే. కాసేపటికి తెలిసింది, గురకతో పాటు ఊపిరి కూడా లేదని. ఫోను లైటు వేశాను. పొట్ట ఎగిరెగిరి పడుతోంది గానీ, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగల్లేదు. ఎందుకో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్పై ఎనిమిది దగ్గర, చెరువులో మునిగినవాడు పైకి తేలినట్టు గాలి లాక్కున్నాడు. మళ్ళీ గురక. మనిషి లేవనేలేదు.

పాప రఫ్ నోటుబుక్కు చేతికందింది. 38 అని రాశాను. తర్వాత 29. తర్వాత 41. నలభై ఒకటికి భయమేసి భుజం పట్టి కుదిపేశాను. "ఏటే, నిద్రపోనీ" అని అటు తిరిగాడు. అప్పటికి 138 కిలోలు, తిరిగితే మంచమంతా కదిలేది. నాలుగింటికి కరెంటొచ్చి ఫ్యాను తిరిగితే లేచి ఆపేశాను. తెల్లారేసరికి పేజీన్నర నిండింది.

ఆ పుస్తకం పట్టుకుని ఊళ్ళో బాగా పేరున్న ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. షుగరుకి బావ ఆయన దగ్గరే చూపించుకునేవాడు. పేరు రాయను. పేజీ తీసి చూపిస్తే చివరిదాకా చూడనైనా లేదు. బల్ల మీద నావైపు జరిపేసి, "ఇవి లెక్కపెట్టే బదులు అన్నం గరిటెలు లెక్కపెట్టి ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదమ్మా" అన్నారు. పక్కనున్న మందుల కంపెనీ కుర్రాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలీదు. ఆ నవ్వు మీద ఉన్నంత కోపం ఆయన మీద కూడా లేదు.

గరిటెల సంగతి చెప్తాను. కొర్రలు, అరికలు ఏడాది తిన్నాం. అన్నం మానేసి కొవ్వు తినే కీటో నాలుగు నెలలు, ఇల్లంతా కొబ్బరినూనె వాసన. పొద్దున్నే బీచ్‌లో కోస్టల్ బ్యాటరీ నుంచి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడక. పదకొండు కిలోలు తగ్గాడు, పద్నాలుగు పెరిగాడు. ఓసారి పాప సరదాపడితే ఆ సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళాం. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దాటే గుండ్రటి కంత దగ్గర బావ ఆగిపోయాడు. వంగాడు, పక్కకి తిరిగాడు, కుదర్లేదు. వెనకాల లైనులో ఉన్నవాళ్ళంతా వెనక్కి నడిస్తే గానీ బయటికి రాలేకపోయాడు. పాపకి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ సంగతి ఇంట్లో నానమ్మకి కూడా చెప్పలేదు.

ఇంకోచోట ఊపిరితిత్తుల డాక్టరమ్మ నా పేజీన్నరా చదివింది. చదివి, "మీరు రాశారా? పడుకోలేదా రాత్రి?" అంది. అంతే. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. నిద్ర పరీక్ష చేయిస్తే గంటకి 52 సార్లు ఊపిరి ఆగడమో సన్నగిల్లడమో జరుగుతోందని తేలింది. 30 దాటితేనే తీవ్రం కింద లెక్క. నిద్రలో మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ మిషను ఇచ్చారు. మాస్కూ గొట్టమూ చూసి పాప దాన్ని ఏనుగు తొండం అనేది.

బరువు తగ్గించే ఆపరేషను మాట తెచ్చింది బావే. సంక్రాంతి వెళ్ళాక, ఆదివారం, చందువలు కడుగుతున్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి, "బేరియాట్రిక్ చేయించుకుందామనుకుంటున్నానే" అన్నాడు. వద్దన్నాను. వద్దని ఆర్నెల్లు అన్నాను. ఏదన్నా అయితే నేనూ పాపా ఏమవ్వాలి అన్నాను. అత్తయితే నెత్తి కొట్టుకుంది. "మంచి కడుపుని కోయించుకుంటాడా? పిల్లడికి మతి పోనాదేటి? నోరు కట్టుకుంటే సరిపోద్ది కదా!" నేను అత్తవైపే మాట్లాడాను. నా జీవితంలో అత్తవైపు మాట్లాడింది ఆ ఆర్నెల్లే.

చివరికి ఓ రాత్రి బావ తొండం తీసి పక్కన పెట్టి, "ఏదన్నా అవుతుందని భయమంటావు. మరి ఆ నోటుబుక్కులో ఉన్నదేటి? నువ్వు రాసిందే కదా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

అప్పుడు వెళ్ళాను తనతో, ఆరిలోవ హెల్త్ సిటీ వైపు. అడగాల్సినవి చీటీ మీద రాసుకుని మరీ వెళ్ళాను. ఎన్ని చేశారు, రాత్రిపూట ఎవరుంటారు, కోసి కుట్టిన చోట కడుపు లీకైతే ఎలా తెలుస్తుంది. సర్జను విసుక్కోలేదు. మందుల చీటీ వెనక బొమ్మ గీశాడు. సంచిలాంటి కడుపులో ముప్పాతిక పైనే తీసేసి అరటికాయంత గొట్టం ఉంచుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఆ తీసేసే భాగంలోనే తయారవుతుందట. తిండి తగ్గించి బరువు తగ్గినవాళ్ళకి ఆ హార్మోను ఇంకా పెరుగుతుంది, అందుకే పోయిన కిలోలు వెతుక్కుంటూ వస్తాయి అన్నాడు. పదకొండేళ్ళు నేను బావ నాలుకని తిట్టాను. తిట్టాల్సింది నాలుకని కాదేమో అని మొదటిసారి అనిపించింది. లీకు గురించి కూడా దాచలేదు. "నొప్పి కంటే ముందు గుండె వేగం చెప్తుంది. నాడి 120 దాటి దిగకపోతే ఎంత రాత్రైనా తీసుకొచ్చెయ్యండి" అన్నాడు. తర్వాత నన్ను బయట కూర్చోమని, "ఇది మీ ఆవిడ కోసమా, మీ కోసమా?" అని బావని ఒక్కణ్ణీ అడిగాడట. ఏం చెప్పాడో బావ ఇప్పటికీ చెప్పడు.

బీమా వాళ్ళు మొదట అందం కోసం చేయించుకునేదన్నట్టు తిప్పి పంపారు. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం 18 ఏళ్ళు నిండి, డాక్టరు సలహా మీద చేయించుకుంటూ, బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి వేసే బరువు లెక్క, 40 గానీ అంతకు మించి గానీ ఉంటే ఇవ్వాలి. 35 గానీ ఆపైన గానీ ఉండి తీవ్రమైన స్లీప్ ఆప్నియా (బావకున్న ఈ నిద్రలో ఊపిరి ఆగే జబ్బే), అదుపులో లేని షుగరు లాంటివి ఉన్నా ఇవ్వాలి. బావది 46. పాలసీ తీసుకున్నాక ఆగాల్సిన వెయిటింగు గడువు కూడా ఎప్పుడో అయిపోయింది. నిద్ర పరీక్ష రిపోర్టు, పాత మందుల చీటీలు అన్నీ జత చేసి మళ్ళీ పంపితే మాట్లాడకుండా ఇచ్చారు. కాగితాలు పారెయ్యకండి.

2023 ఆగస్టులో ఆపరేషను. అంతకు ముందు రెండు వారాలు లివరు చిన్నదవ్వాలని ద్రవాహారమే. ఆ రెండు వారాలూ ఇంట్లో పోపు పెట్టలేదు. నేను స్కూల్లో స్టాఫ్‌రూములో తినేసి వచ్చేదాన్ని. ఆపరేషనైన సాయంత్రమే నడిపించారు, మూడోరోజు ఇంటికి పంపేశారు. ఇంటికొచ్చాక రెండు రాత్రులు గంటగంటకీ నాడి పట్టుకున్నాను. ఒకసారి 108 వచ్చింది. నీళ్ళు సరిపోక అని ఫోన్లో నర్సు చెప్పింది, అర్ధరాత్రి పన్నెండున్నరకి, విసుగు లేకుండా. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి.

నీళ్ళు తాగించడమే పెద్ద పని. దగ్గు మందు మూతతో కొలిచి, గుటక గుటకకీ ఆగి ఆగి. తర్వాత పప్పు కట్టు, పల్చటి మజ్జిగ, మెత్తగా చేసిన గుడ్డు. ఏడో వారంలో ఆవిరి మీద ఉడికించిన చందువ ముక్క, అగ్గిపెట్టంత. దాన్ని ఇరవై నిమిషాలు నమిలి బావ ఏడ్చాడు. రుచికా, బాధకా అని నేను అడగలేదు. అన్నం తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, అరగంట ఆగాలి. మా బావకి అన్నిటికన్నా కష్టమైంది అదే.

నాలుగో నెలలో జుట్టు గుప్పెళ్ళతో ఊడింది. మళ్ళీ వచ్చింది. బంధువుల నోళ్ళు మాత్రం ఊడలేదు. లావున్నప్పుడు "కొంచెం తగ్గించుకో నాయనా" అన్నవాళ్ళే గృహప్రవేశంలో "ముఖం పీక్కుపోనాది, ఏటైనా జబ్బా?" అన్నారు. వడ్డించినామె మొహమాటపెడితే ఒక్క ముద్ద ఎక్కువ తిన్నాడు, పెరట్లోకి పరిగెత్తి కక్కాడు. ఒకసారి వాంతి అయితే సరే. అదే పనిగా అవుతుంటే నిమ్మరసాలు పట్టుకు కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్ళండి. బీ1 విటమిను పడిపోతే నరాలకే ఎసరు. బీ12, ఐరను, కాల్షియం, డీ విటమిను మాత్రలు జన్మంతా వేసుకోవాల్సిందే. బరువు తగ్గాం కదా అని మానేస్తే అయిపోయినట్టే.

అత్త సింహాచలం అప్పన్నకి మొక్కుకుందట, నాకు చెప్పకుండా. 2024 ఆషాఢంలో గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు. ఏటా మా వీధి చివర నిలబడి నడిచేవాళ్ళకి మంచినీళ్ళిచ్చే బావ ఆ ఏడు నడిచాడు. గోపాలపట్నం దగ్గరికొచ్చేసరికి అత్త ప్యాకెట్లు పంచుతోంది. కొడుకుని పోల్చుకోకుండానే ఓ ప్యాకెట్ చేతిలో పెట్టేసింది. తర్వాత పోల్చుకుని తిట్టింది, "ఎండిపోనావురా" అని. నేను అప్పన్నని పెద్దగా మొక్కే మనిషిని కాదు. ఆ రాత్రి మాత్రం కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టాను. కరెంటు తీసేసింది ఎవరో ఎవరికి తెలుసు.

మొన్న షుగరు రిపోర్టులు చూపించడానికి ఆ పేరున్న డాక్టరు దగ్గరికే వెళ్ళాం. కావాలనే అక్కడికి తీసుకెళ్ళాను. నోటుబుక్కు నా సంచిలో ఉంది. అనాల్సిన మాట రెండేళ్ళుగా తయారుగా ఉంది. ఆయన రిపోర్టులు తిప్పి, "బాగున్నాయే. పేషెంటు ఏరమ్మా?" అన్నారు, 94 కిలోల బావ ఎదుట కూర్చుని ఉండగా. బావ పగలబడి నవ్వాడు. ఆయనా నవ్వారు, నిజంగానే సంతోషపడి, లేచి భుజం తట్టారు. ఏం అనగలను ఇంక.

బయటికొచ్చాక "ఏదో అంటానన్నావు?" అన్నాడు బావ.

"రద్దీగా ఉంది" అన్నాను.

తను మెట్ల మీదుగా దిగిపోయాడు, రెండేసి మెట్లు. నేను సంచి భుజానేసుకుని లిఫ్టు కోసం నిలబడ్డాను.