శుక్రవారం మధ్యాహ్నం రా

మందుల కోర్సు పూర్తయి ఏడాది దాటింది. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నా. అప్పట్లో ఆ జబ్బు పేరు పైకి అనడానికే నోరు రాలేదు.

మాకు 2016లో పెళ్లయింది. మా ఆయనకు ఆటో ఉంది, నేను గుంటూరు పక్కన మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. పిల్లల కోసం మింగిన మాత్రలు, తిరిగిన గుళ్లు అన్నీ రాస్తే మీకే విసుగు. ఒక్కటి మాత్రం రాయాలి. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్కానింగ్ బల్ల మీద పడుకుని ఉన్నా. జెల్ రాస్తూ అక్కడావిడ నవ్వుతూ అడిగింది, "నీకు పెళ్లికాని చెల్లెలుందా?" అని. "ఉంది" అన్నాను. ఎందుకడిగిందో బస్సెక్కాక అర్థమైంది. ఆవిడ అడిగినదానికన్నా నేను అమాయకంగా చెప్పిన ఆ "ఉంది" ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

2022లో జ్వరమొచ్చి మా మండలం పీహెచ్‌సీకి వెళ్లా. ఆరోజు 9వ తారీఖు. ప్రతి నెలా 9న గర్భిణులకు చెకప్ చేస్తారని నాకేం తెలుసు? బెంచీ మీద పక్కనున్నామె "ఎన్నో నెల?" అంది. లేచి బయట వేపచెట్టు కిందికి వెళ్లి నిలబడ్డా. స్టాఫ్ నర్సు చూసింది కాబోలు, వెనకే వచ్చింది. ఏమైందని అడగలేదు. జ్వరం చూసి మాత్రలిచ్చి, "9న రాకు. బుధవారం పసిపిల్లలకు టీకాలు, ఆరోజూ రాకు. శుక్రవారం మధ్యాహ్నం రా, ఎవరూ ఉండరు" అంది.

వెళ్లా. తలుపు దగ్గరగా వేసి, మీ ఆయనకు పరీక్ష చేశారా అని అడిగింది. ఐదేళ్లుగా నాకు మాత్రలు రాసినవాళ్లెవరూ ఆ మాట ఎత్తలేదు. ఆయనేమో నెల రోజులు మొండికేశాడు. చివరికి సిస్టరే, "ఆటోకి మూడు చక్రాలుంటాయి కదా బాబూ, ఒక్కటే చూసి బండెందుకు కదలట్లేదంటే ఎట్లా?" అంటే నవ్వేసి వెళ్లాడు. ఆయనలో ఏ లోపమూ లేదు. మా అత్తయ్య మూడు వీధులకు చెప్పుకుంది.

తర్వాతి శుక్రవారం నెలసరి గురించి అడిగింది. ఒక్కరోజు, అదీ మరక మాత్రమే అన్నాను. ముందు బాగానే అయ్యేది, ఏడాదికేడాది తగ్గిపోయింది. "ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా?" మా నానమ్మకొచ్చింది. చిన్నప్పుడు ఆమె పక్కలోనే పడుకునేదాన్ని. సిస్టర్ పెన్ను పక్కన పెట్టి డాక్టర్ గారి గదిలోకి వెళ్లింది.

గుంటూరు పెద్దాసుపత్రిలో గర్భసంచి లోపలి పొర ముక్క తీసి, టీబీ క్రిమి ఉందేమో చూసే సీబీనాట్ పరీక్షకు పంపారు. టీబీ ఉందని తేలింది. దగ్గు లేదు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తులూ బాగానే ఉన్నాయి. ఆ క్రిమి రక్తంలో కలిసి గర్భనాళాల్లో చేరి, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉంటుందట. ఊపిరితిత్తుల్లో లేదు కాబట్టి పక్కవాళ్లకు అంటదని సిస్టర్ ఎంత చెప్పినా అత్తయ్య నా కంచం వేరు చేసింది.

ఆరు నెలల మందులు. మాత్రలు ఉచితం, తిండి కోసం అప్పట్లో నెలకు 500 రూపాయలు ఖాతాలో వేసేవారు (2024 నవంబరు నుంచి 1000 చేశారు). మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు. భయపడింది ఆరో వారంలో.

సాయంత్రం నుంచి వాంతులు. తాలింపు వాసనొస్తే చాలు కడుపు తిప్పేసేది. మా ఆయన బాడుగకు విజయవాడ వెళ్లాడు. రాత్రి పదకొండింటికి ఫోన్ లైటు వేసి అద్దంలో చూసుకుంటే కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. చచ్చిపోతున్నాననే అనుకున్నా. సిస్టర్‌కు ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తింది.

"ఇంకేం మందులు వాడుతున్నావ్?"

నేను మాట్లాడలేదు.

"తిట్టను, చెప్పు."

పిల్లలు పుడతారని అత్తయ్య తెచ్చిన నాటుమందు పొడి. రోజూ పాలలో తాగుతున్నా. ఎవరికీ చెప్పలేదు.

"ఆ పొడీ వద్దు, రేపటి మాత్రలూ వద్దు. తెల్లారేదాకా ఆగకు, 108కి ఫోన్ చెయ్."

లివర్ దెబ్బతిందన్నారు. ఒక్క టీబీ మాత్రల వల్ల కూడా అలా కావచ్చట, పొడి వల్లేనని ఎవరూ చెప్పలేదు. కామెర్లు తగ్గాక మాత్రలు ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టారు. అత్తయ్య వార్డులో నా కాళ్ల దగ్గర కూర్చుని కోటప్పకొండకు మొక్కుకుంది. కోపం చెయ్యాలో, కాళ్లు పట్టుకుని ఏడవాలో తెలియలేదు. కోపమే చేశా. మొక్కు తీర్చడానికి మాత్రం ఇద్దరం కలిసే వెళ్లాం.

ఇది చదివే ఆడవాళ్లకు ఒక్కటే చెప్తాను. వాడే పొడులు, పసర్లు అన్నీ నర్సుకు చెప్పండి, సిగ్గుపడకండి. మగవాళ్లూ, ముందు మీ పరీక్ష చేయించుకోండి.

జబ్బు తగ్గింది. నెలసరి మూడు రోజులు అవుతోంది. ఒక గర్భనాళం మూసుకుపోయింది, రెండోది తెరుచుకునే ఉందన్నారు. పిల్లలు ఇంకా లేరు.

పోయిన నెల సిస్టర్‌కు బదిలీ అయింది. ఆఖరి రోజు 9వ తారీఖే పడింది. అయినా వెళ్లా. బెంచీ నిండా గర్భిణులు. పక్కామె అడగనే అడిగింది, "ఎన్నో నెల?"

"నాకు కాదమ్మా, సిస్టర్‌ను చూసిపోదామని వచ్చా" అన్నాను. సిస్టర్ ఎవరికో బీపీ చూస్తూ, కూర్చోమని చేత్తో సైగ చేసింది.