ఆకాశానికి ఆటలమ్మ పోసింది

నీటిరంగుల బొమ్మ కోసం తీసిన ఏడో కాగితం షీటూ పోయింది. రాత్రి పదకొండు దాటాక కూడా ఫ్యాన్ ఆపేసి, టేబుల్ లైటు పక్కకి వంచి, బోర్డు ముందు అలాగే కూర్చున్నాను. ఆకాశం నిండా మచ్చలే. శనివారం బ్యాచ్‌లో ఆరో తరగతి చదివే ఒకడు దాన్ని చూసి, "మేడమ్, మీ ఆకాశానికి ఆటలమ్మ పోసిందా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది కానీ, వాడన్నది అక్షరాలా నిజం.

బొమ్మ పెద్ద కష్టమైనదేమీ కాదు. తెల్లవారుజామున విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి దక్షిణంగా చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ ఒకే ముద్దలా కనిపిస్తుంది. కింద సన్నటి సముద్రం, పైన మూడొంతులు ఖాళీ ఆకాశం. ఒక్క వాష్, అంటే నీళ్లు కలిపిన రంగుని ఏకధాటిగా పరిచే పూత, కిందికి వచ్చేకొద్దీ పలచబడాలి, అంతే. ఇరవై ఏళ్లుగా పిల్లలకు నేర్పుతున్న పని నా చేతిలోనే చెడిపోతోంటే ఒళ్లు మండదా?

ఈ మచ్చలు పొడి కాగితం మీద కనిపించవు. తడిపి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే మాత్రం అక్కడక్కడా మెరుపు తప్పిన చుక్కలు తెలుస్తాయి. రంగు పడిన అర నిమిషంలో ఆ చుక్కలు దాన్ని తాగేస్తాయి. ఆరేసరికి ఆవగింజ నుంచి కందిగింజ దాకా అన్ని సైజుల్లో ముదురు నీలం మచ్చలు తేలతాయి. తడి బ్రష్‌తో ఎత్తుదామన్నా రావు, రంగు పీచులోకి దిగిపోయి ఉంటుంది.

మొదట అల్ట్రామెరీన్ అనే నీలం రంగుని అనుమానించాను. దాని రేణువులు కాగితం గుంటల్లో పేరుకోవడం మామూలే కదా. థాలో బ్లూ అనే మరో నీలానికి మారితే మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించాయి. తర్వాత కుళాయి నీళ్ల మీద అనుమానం. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి వేస్తే ఏమీ తేడా లేదు. చేతి జిడ్డేమో అనుకున్నాను. కానీ జిడ్డున్నచోట రంగు అంటక తెల్లగా మిగలాలి, ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. బోర్డు వాలు 15 డిగ్రీల నుంచి 30కి పెంచాను. మచ్చలు అలాగే ఉన్నాయి, రంగు మాత్రం చాప మీదికి కారింది.

చివరికి బుద్ధి వచ్చి ఒక ఫుల్ షీటుని అడ్డంగా మూడు ముక్కలు చేసి, మూడింటి మీదా ఒకే రంగు వేసి, 10 సెంటీమీటర్ల చదరంలో మచ్చలు లెక్కపెట్టాను. పై ముక్కలో 4, మధ్య ముక్కలో 9, కింది ముక్కలో 23. షాపు నుంచి అదే రోజు తెచ్చిన షీటు మీద ఒక్కటీ లేదు. దొంగ ఇంట్లోనే దొరికాడు. పోయిన వేసవిలో చవగ్గా వస్తున్నాయని పాతిక షీట్లు, 300 జీఎస్ఎం (చదరపు మీటరు బరువు 300 గ్రాములు) కాటన్‌వి, ఒకేసారి కొన్నాను. న్యూస్‌పేపర్లో చుట్టి బీరువా వెనక, పడమటి గోడకి ఆనించి నిలబెట్టాను. వానాకాలమంతా చెమ్మ కక్కే గోడ అది. ఆ గదిలో తేమ ఇప్పుడు కొలిస్తే 86 శాతం, ఏసీ గదిలో 58.

రంగు ఒక్కసారిగా ఇంకిపోకుండా కాగితానికి గెలాటిన్ అనే జిగురు పూత పట్టించి ఉంటారు. చెమ్మకి అది చచ్చుబడుతుంది, పైగా బూజుకి మంచి మేత. బూజు కంటికి కనిపించేలోపే పూత పోతుంది. అంటే నేను వాష్ వేస్తున్నది సగం కాగితం మీద, సగం బ్లాటింగ్ పేపర్ మీద.

పూత మళ్లీ వేద్దామని కేకుల సామాన్ల షాపులో వంట గెలాటిన్ కొన్నాను. అర లీటరు చన్నీళ్లలో 10 గ్రాములు ఇరవై నిమిషాలు నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాను (మరిగిస్తే జిగురు చస్తుంది). వెడల్పు బ్రష్‌తో రెండు పూతలు. 23 మచ్చలు ఉండే ముక్కలో 8కి తగ్గాయి కానీ, బ్రష్ గీతలు ఒకదాని మీదొకటి ఎక్కినచోటల్లా ఆకాశంలో చారలు పడ్డాయి. ఆటలమ్మ తగ్గి వాతలు తేలినట్టు! గెలాటిన్ 20 గ్రాములు చేసి చూస్తే తామరాకు మీద నీళ్లే, రంగు నిలబడనే లేదు. పాత పద్ధతుల్లో గెలాటిన్ గట్టిపడటానికి పటిక కలుపుతారు. నేను కలపలేదు. పటికది ఆమ్ల గుణం, అల్ట్రామెరీన్‌కి ఆమ్లం పడదు.

ఈలోగా పిల్లల ఫిషింగ్ హార్బర్ పడవలు పూర్తయ్యాయి, బాగా వచ్చాయి. వాళ్లకి కామ్లిన్ పోస్టర్ కలర్లు చాలు. "మంచి రంగులు కొనమంటారా?" అని అమ్మానాన్నలు అడిగితే ఆ డబ్బు కాగితం మీద పెట్టమనే చెబుతాను. నా గొప్ప కాగితం గతి చూశాక ఆ మాట చెప్పడానికి కాస్త మొహమాటంగానే ఉంది.

ఈ నెల మొదట్లో రాజమండ్రి వెళ్లి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ మళ్లీ చూసొచ్చాను. 1925లో ముప్పై కూడా నిండకుండా పోయిన చిత్రకారుడు. ఆ నీటిరంగుల ముందు ఈసారి నేను బొమ్మ చూడలేదు, ముక్కు అద్దానికి ఆనించి వాష్‌లో మచ్చలు వెతికాను. గోదావరి ఒడ్డున మాత్రం చెమ్మ తక్కువా? కాపలా ఆయన రెండుసార్లు వచ్చి, "అమ్మా, కొంచెం వెనక్కి" అన్నాడు.

గెలాటిన్‌ని బ్రష్‌తో కాకుండా షీటునే ముంచి పట్టించాలని ఇప్పుడు అర్థమైంది. హాఫ్ షీటు, అంటే 15×22 అంగుళాలది, పట్టే ట్రే ఎక్కడా దొరకలేదు. నా బొమ్మలకి ఫ్రేములు కట్టే ఆయనే దారి చెప్పాడు: "నాలుగు ఫ్రేము చెక్కలు బిగించి పైన ప్లాస్టిక్ షీటు పరచండమ్మా, తొట్టి అయిపోద్ది." చెక్కలు కూడా ఆయనే ఇచ్చాడు. మిగిలిన పద్దెనిమిది షీట్లు జిప్ కవర్లలో, సిలికా జెల్ పొట్లాలతో సహా, ఏసీ గదిలో మంచం కింద అడ్డంగా పడుకున్నాయి. నాఫ్తలీన్ ఉండలు కూడా పడేయమని మా అత్తగారి సలహా. ఉండలు పురుగులకి గానీ చెమ్మకి కాదని చెప్పినా వినలేదు, నాలుగు వేసేశారు.

ఆదివారం వాన పడకపోతే డాబా మీద ముంచుడు కార్యక్రమం. ముందు ఒకటిన్నర శాతం గెలాటిన్‌తో మొదలుపెడతాను, 23 మచ్చల రకం ముక్క మీదే. ఎలాగూ బాగుపడని షీట్లుంటే వాటిని భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల బొమ్మ వేయడానికి తీసుకెళ్తాను. ఆ గరుకు నేలకి మచ్చలుంటేనే అందం.